గంటకు ఎనిమిది మైళ్ల దూరదృష్టి

కాలం గడిచేకొద్దీ యంత్రాల వేగం పెరుగుతుందని లోకంలో ఒక మూఢనమ్మకం ఉంది. దాన్ని తన ట్యాంకులతో పటాపంచలు చేసిన ఘనత రెండు ప్రపంచ యుద్ధాల మధ్య నాటి బ్రిటిష్ యుద్ధ శాఖది. ఆ శాఖకు దక్కాల్సిన గౌరవం ఇంతవరకూ దక్కలేదు. అందుకే ఈ నాలుగు ముక్కలు.

1921లో లెఫ్టినెంట్ కల్నల్ ఫిలిప్ జాన్సన్ అనే ఇంజనీరు పదాతిదళం కోసం తేలికపాటి ట్యాంకు ఒకటి తయారుచేయించాడు. అది గంటకు 30 మైళ్లు పరిగెత్తేది. పైగా నీళ్లలో దింపితే ఈదేది. బాధ్యత గల ప్రభుత్వం ఇలాంటివి చూస్తూ ఊరుకోదు కదా. ట్యాంకు నమూనా దశ దాటలేదు. 1923లో జాన్సన్ గారి డిజైన్ విభాగాన్నే మూసేశారు.

అయినా అంత తొందరేమొచ్చింది? రాబోయే పదేళ్లలో పెద్ద యుద్ధమేదీ రాదనుకుని ఖర్చులు వేసుకోండని 1919లోనే మంత్రివర్గం చెప్పింది. 1928లో ఆర్థిక మంత్రి విన్‌స్టన్ చర్చిల్ దానికి ఇంకాస్త మెరుగు పెట్టాడు. ఆ పదేళ్లు ఏ రోజుకారోజు కొత్తగా మొదలవుతాయన్నాడు. కిరాణా కొట్లో 'అప్పు రేపు' బోర్డు ఎలాగో ఇదీ అంతే. ఎప్పుడొచ్చి చదివినా యుద్ధానికి ఇంకా పదేళ్లుంటుంది. 1932లో ఆ బోర్డు తీసేశారు. మరుసటి జనవరిలో జర్మనీలో హిట్లర్ గద్దెనెక్కాడు. బోర్డు తీయబట్టే వచ్చాడని ఖజానా శాఖలో ఎవరో ఒకరు నమ్మే ఉంటారు.

ఇప్పుడిక ట్యాంకులు కావాలి. 1934లో ఆ బాధ్యత జనరల్ హ్యూ ఎల్స్ మీద పడింది. ఈయన సామాన్యుడు కాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1917లో ఫ్రాన్స్‌లోని కాంబ్రే దగ్గర 'హిల్డా' అనే ట్యాంకెక్కి, జెండా ఎగరేసుకుంటూ ముందుండి దాడి నడిపించినవాడు. ఆయనకు కావలసింది పదాతిదళంతో పాటు నడిచే ట్యాంకు. విక్కర్స్ కంపెనీ డిజైనర్ సర్ జాన్ కార్డెన్‌కు కబురు వెళ్లింది. ట్యాంకు ఎలా ఉండాలన్నది తర్వాతి మాట, ధర మాత్రం 6,000 పౌండ్లు దాటకూడదు.

కార్డెన్ ఆ లెక్కకు సరిపడా ట్యాంకును కుదించాడు. పేరు మటిల్డా. బరువు 11 టన్నులు, ఇంజన్ 70 హార్స్‌పవర్ ఫోర్డ్ కారుది, వేగం గంటకు ఎనిమిది మైళ్లు. పొలాల్లో పడితే ఇంకా తక్కువ. పదిహేనేళ్లలో 30 నుంచి ఎనిమిదికి దిగిరావడం మాటలా? (తన ట్యాంకు తయారై రావడం కార్డెన్ చూడలేదు. 1935 డిసెంబరులో విమాన ప్రమాదంలో పోయాడు. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు.)

ఆయుధం ఒకే ఒక్క మెషిన్ గన్. లోపల మనుషులు ఇద్దరే. డ్రైవరు బండి నడుపుతాడు. మిగతా పనులన్నీ కమాండరువి. దారి చూడాలి, డ్రైవరుకు చెప్పాలి, గన్ పేల్చాలి, వైర్‌లెస్‌లో మాట్లాడాలి. టరెట్‌లో, అంటే ట్యాంకు పైన గన్‌తో పాటు తిరిగే గూటిలో, చోటు చాలక వైర్‌లెస్‌ను కింద పెట్టారు కాబట్టి, పై అధికారితో మాట్లాడాలంటే తల కిందికి వంచాలి. అంతసేపూ శత్రువు మర్యాదగా ఆగాలి. ఒక జీతానికి నలుగురి పని చేయించడం ఈమధ్య కనిపెట్టిన విద్య అనుకునేవారు ఈ సంగతి గమనించాలి.

ఇంతకీ యుద్ధ శాఖ అసలు టెన్షన్ ట్యాంకుల గురించి కాదు, గుర్రాల గురించి. 1936లో యుద్ధ మంత్రి డఫ్ కూపర్ పార్లమెంటులో అశ్వికదళం పట్ల సానుభూతి ప్రకటించాడు. గుర్రాలు వదిలి మోటార్లు ఎక్కమనడం, మహా విద్వాంసుణ్ణి ఫిడేలు పారేసి గ్రామఫోను తిప్పుకోమన్నట్టుందన్నాడు.

మటిల్డాలో ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం లేదు. ముందు వైపు ఉక్కు 60 మిల్లీమీటర్ల మందం. 1940 మే 21న ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర 58 మటిల్డాలు, వాటికి తోడు ఫిరంగి ఉన్న రెండో రకం మటిల్డాలు 16, జర్మన్ల మీదికి తాపీగా నడిచాయి. జర్మన్ల 37 మిల్లీమీటర్ల గుళ్లు వాటికి తగిలి రాలిపోయాయి. ఎదురుగా ఉన్నవాడు జర్మన్ జనరల్ రోమెల్. చివరికి విమానాలను కూల్చే 88 మిల్లీమీటర్ల ఫిరంగులను, పెద్ద ఫిరంగులను ట్యాంకుల మీదికి తిప్పి ఆపాడు. ఆ దాడిలో పాల్గొన్న రెండు బ్రిటిష్ ట్యాంకు బెటాలియన్ల కమాండర్లూ చనిపోయారు.

తన మీద పడింది అయిదు డివిజన్లని రోమెల్ అనుకున్నాడట. డివిజనంటే వేలమంది సైనికుల దండు. ఖజానా శాఖ ఈ లెక్కను ఎందుకు దాచుకుందో అర్థం కాదు. 58 ట్యాంకులకు గరిష్ఠ ధర 6,000 చొప్పున వేసుకున్నా 3,48,000 పౌండ్లు. భయానికి సరిపడా అయిదు డివిజన్లు అంత చవగ్గా ఇంకెక్కడ దొరుకుతాయి?