స్త్రీల మైత్రి డబ్బుల జోలికి రావొద్దు

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరేట్ (ఒక పాస్టరు గారి కింద ఉండే సంఘం) సెక్రటరీ గారు మైకు తీసుకుని చదివిన ప్రకటనలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా. ఒకటి, స్త్రీల మైత్రి (సంఘంలో ఆడవాళ్ల సమాజం) పేరున విడిగా ఉన్న బ్యాంకు అకౌంటు మూసేసి, అందులో ఉన్నదంతా పాస్టరేట్ అకౌంటులో కలపాలని కమిటీ తీర్మానించింది. రెండు, కోత పండుగ ప్రేమవిందుకి (సంఘమంతా కలిసి తినే భోజనానికి) వంటలు ఎప్పటిలాగే మన సోదరీమణులు చూసుకుంటారు. రెండింటికీ మధ్య గుక్క కూడా తిప్పుకోలేదాయన. డబ్బులేమో అందరివీ, పొయ్యి దగ్గర పొగ మాత్రం మాది!

బయటికొచ్చాక అడిగాం. "సంఘమంతా ఒకటే కదమ్మా, ఇందులో మీదీ మాదీ ఏంటి?" అన్నారు. ఒకటే అయితే పాస్టరేట్ లెక్కలు మాకెందుకు చూపించరు? జనరల్ బాడీలో ఆదాయ వ్యయాలు చదివేటప్పుడు ఏ ఆడమనిషైనా లేచి నిలబడితే "అది కమిటీలో మాట్లాడదాం, కూర్చోమ్మా" అంటారు. ఆ కమిటీలో మావాళ్లు ఇద్దరే. మీటింగు ఎప్పుడో వాళ్లకి పొద్దున ఫోన్ చేసి సాయంత్రం రమ్మంటారు. ఈ తీర్మానం రోజున అదీ చేయలేదు. మేం ఇదంతా మాట్లాడుతుంటే పాస్టరు అయ్యగారు పక్కనే ఉన్నారు. తల వంచుకుని బైబిలు కవరు జిప్పు వేసుకుంటున్నారు. వేయడం అయ్యాక మళ్లీ తీసి మళ్లీ వేశారు. ఒక్క మాట మాట్లాడలేదు.

ఇంత హడావిడి ఎందుకంటే, స్టేజీ మీద ఎల్‌ఈడీ స్క్రీన్ కావాలట. క్రిస్మస్ లోపల పెట్టాలట. పక్క సంఘంలో ఉందట.

ఆ డబ్బు ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ మైకు పట్టుకున్న పెద్దమనిషికి తెలుసా? వాళ్లమ్మని అడిగితే చెప్తుంది. పిడికెడు బియ్యం! మా అత్తగారు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి, పొయ్యి గట్టు మీదున్న పాత బోర్న్‌వీటా డబ్బాలో వేసేది. బియ్యం నిండుకున్న నెలలో కూడా వేసేది. ఆ రోజుల్లో తను ఒక ముద్ద తక్కువ తినేదే తప్ప డబ్బా ముట్టుకోనిచ్చేది కాదు. "అది మనది కాదు, దేవుడి గిన్నె" అనేది. మైత్రి కూడిక రోజున అందరూ తెచ్చిన బియ్యం ఒక గోనె సంచిలో పోసి, తూకం వేసి, అమ్మి, వచ్చిన డబ్బు నోటుపుస్తకంలో రాసేవాళ్లు. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేవాళ్లు. ఇప్పుడు కొందరు బియ్యానికి బదులు డబ్బులిస్తున్నారు. పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాం, కోత పండుగ వేలంలో గుమ్మడికాయలూ కోళ్లూ పాడుకుంటున్నాం. మిరప కోతలకెళ్లి వచ్చిన కూలిలోంచి తీసి ఇస్తున్నవాళ్లున్నారు మాలో. ఆ కూలి డబ్బులు తీసుకెళ్లి గోడ మీద బొమ్మలు ఆడిస్తారా?

ఆ డబ్బుతో ఏం చేశామో మేం మైకులో ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే సాయం అందుకున్నవాళ్ల పేర్లు మందిరంలో చదవకూడదనేది మా పెద్దవాళ్లు పెట్టిన నియమం. ఒక పిల్ల నర్సింగు ఫీజు కట్టాం. డయాలసిస్‌కి వెళ్లే ఒకాయనకి ఆటో చార్జీలిచ్చాం. దిక్కులేని శవాలకి పెట్టెలు కొన్నాం. ఎవరికి ఇచ్చామో పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం మైత్రి కార్యదర్శి బీరువాలో ఉంది. అది కమిటీ చేతికి వెళ్తే వచ్చే ఆదివారానికల్లా ఊరంతా తెలుస్తుంది.

ఇవాళ పుట్టిన పద్ధతి కాదిది. 1912లో అజరయ్య గారు డోర్నకల్‌కి బిషప్ అయినప్పుడు, ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్ ఆయనే, ఆ సంఘంలో ఎక్కువమంది ఎవరు? మన తాతముత్తాతలే. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో కూలినాలి చేసుకునేవాళ్లు. అక్షరం రాని ఆ జనాన్ని నమ్మి ఆయన సాక్ష్య వారాలు పెట్టించాడు. ఏ జీతమూ లేని మామూలు విశ్వాసులు గుంపులుగా పక్క ఊళ్లకి వెళ్లి, తమకు తెలిసిన ఆ నాలుగు ముక్కలూ చెప్పి వచ్చేవాళ్లు. ఆయన భార్య అన్బు అమ్మగారు మదర్స్ యూనియన్ (తల్లుల సమాజం) పనిలో ఊళ్లు తిరిగింది. ఆ మదర్స్ యూనియన్‌ని 1876లో ఇంగ్లండులో మొదలుపెట్టిన మేరీ సమ్నర్ కూడా ఒక పాస్టరుగారి భార్యే. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ కెథెడ్రల్ ముందు నిలబడి సెల్ఫీలు దిగుతారు మన పెద్దలు. ఆ డయాసిస్‌ని (బిషప్ కింద ఉండే సంఘాలన్నిటినీ) నిలబెట్టిన పేద విశ్వాసుల పేర్లు ఒక్కటైనా చెప్పమనండి.

బైబిలు స్త్రీల సంగతి అసలు ఎవరైనా తలుచుకుంటున్నారా? ఎండలో, బురదలో, గొడుగూ సంచీ పట్టుకుని ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసి, ఆడపిల్లలకి అఆలు దిద్దించిన ముసలమ్మలు. మా చిన్నప్పుడు మా ఊళ్లో ఒకావిడ ఉండేది. చివరి రోజుల్లో ఆవిడ మందులకి డబ్బులెవరిచ్చారు? మైత్రి ఇచ్చింది. డయాసిస్ ఆఫీసుకి పెట్టిన అర్జీకి ఆవిడ పోయాక కూడా జవాబు రాలేదు.

ఇంకోటి. గుంటూరులో నాకో క్యాథలిక్ స్నేహితురాలుంది, వాళ్ల విచారణలో (పారిష్‌లో) విన్సెంట్ డి పాల్ సభలో పనిచేస్తుంది. ఈ గొడవ చెప్తే ఆశ్చర్యపోయింది. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనామ్ అనే 20 ఏళ్ల కుర్రాడు తోటి విద్యార్థులతో కలిసి పెట్టిన సభ అది. ఇప్పటికీ విశ్వాసులే నడుపుతారు. కూడికలో ఒక సంచి తిప్పుతారు, ఎవరెంత వేశారో పక్కవాడికి కూడా తెలియదు. వాళ్లకి వాళ్ల అధ్యక్షులు, వాళ్ల కోశాధికారి. ఫాదర్ గారు ఆత్మీయ సలహాదారు, అంతే. పేదవాళ్ల ఇంటికి స్వయంగా వెళ్లి చూసి ఇస్తారు. పీఠాధిపతుల పెత్తనం గురించి క్యాథలిక్కుల్ని వేలెత్తి చూపిస్తూ ఉంటాం మనం! ప్రజాస్వామ్యం, ఎన్నికలు, ఓట్లు అని చెప్పుకునే మన దగ్గర ఆడవాళ్ల గల్లాపెట్టెకి కూడా రక్షణ లేదు.

2013లో నంద్యాల డయాసిస్‌కి పుష్ప లలిత గారు బిషప్ అయ్యారని తెలిసిన రోజు మా మైత్రిలో ముసలివాళ్లు ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారు. సీఎస్‌ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో) మొదటి మహిళా బిషప్, అదీ మన తెలుగు గడ్డ మీద. ఇక మారుతుందనుకున్నాం. మా సంఘంలో మారిందేంటంటే, మహిళా దినాన ప్రసంగానికి పాస్టరమ్మ గారికి అవకాశం ఇస్తారు, శాలువా కప్పుతారు, ఫొటో తీస్తారు. సోమవారం నుంచి మళ్లీ "మీకెందుకమ్మా ఈ లెక్కలు".

లూకా 8వ అధ్యాయం 3వ వచనం తీసి చదవండి. యోహన్న, సూసన్న, ఇంకా అనేకమంది స్త్రీలు తమకు కలిగిన దానితో యేసయ్యకీ శిష్యులకీ ఉపచారం చేశారని ఉంది. శిష్యుల డబ్బు సంచి ఎవరి దగ్గరుండేదో యోహాను 12లో ఉంది, అదీ చదవండి. యేసయ్యని అప్పగించిన యూదా దగ్గర!

నాకు ఇంత మంట ఎందుకో చెప్తా. ఇది స్క్రీను గొడవ ఒక్కటే కాదు.

కొన్నేళ్ల క్రితం మా సంఘంలో ఒక పెద్దావిడ చనిపోయింది. శనివారం వస్తే చాలు, చీపురు పట్టుకుని మందిరం ఊడ్చి, బల్ల తుడిచి, మోకాళ్ల చాపలు దులిపి వెళ్లేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ ఒక్క రూపాయి ఇవ్వలేదు. కొడుకు ఎక్కడో సెంట్రింగ్ పనికెళ్తాడు. ఆవిడ సంఘ చందా బాకీ పడింది. ఐసుపెట్టెలో మనిషి ఉంది. మా ట్రెజరర్ గారు చందా రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి, ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చుని, వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పారు. ఎక్కడ ఆగిందో పెన్నుతో గీత గీసి కొడుక్కి చూపించారు. "బాకీ కట్టేస్తే సమాధుల తోట తాళం ఇస్తాం బాబూ. రూలు అందరికీ ఒకటే" అన్నారు. ఆ పిల్లాడు జేబులు తడుముకుంటుంటే చూడలేక నేను గోడ వైపు తిరిగాను.

రోజేమో ఆదివారం, బ్యాంకు లేదు. మా మైత్రి కోశాధికారి అక్క ఇంటికి పరుగెత్తి, డిపాజిట్ చేయాల్సిన పచ్చళ్ల డబ్బు చేతిరుమాల్లో కట్టి తెచ్చి ఆ కుర్చీ ముందు పెట్టింది. ఆయన లెక్కపెట్టుకున్నారు. రసీదు రాశారు. అప్పుడు తాళం ఇచ్చారు. ఆ రసీదు ఇప్పటికీ మా పుస్తకంలో ఉంది, ఎవరికి కావాలంటే వాళ్లకి చూపిస్తా.

రూలు అందరికీ ఒకటేనా? ఆ తర్వాత కొన్నాళ్లకే విదేశాల్లో స్థిరపడిన ఒక పెద్దమనిషి వాళ్ల నాన్న పోతే, ఆ కుటుంబం మందిరం గడప తొక్కి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తు లేకపోయినా, తెల్లారేసరికి గేటు బార్లా తెరిచి పెట్టారు. రిజిస్టరు ఎక్కడా కనపడలేదు. పాలరాయి సమాధి కట్టుకోనిచ్చారు, దారికి అడ్డంగా.

ఆ రోజు మైత్రి డబ్బు పాస్టరేట్ లెక్కలో ఉండి ఉంటే ఏమయ్యేది? రిజిస్టరు పట్టుకుని కూర్చున్న మనిషినే చెక్కు మీద సంతకం అడుక్కోవాల్సి వచ్చేది. ఆవిడ ఇంకో పూట ఐసుపెట్టెలో ఉండేది. మా డబ్బు మా చేతిలో ఎందుకుండాలి అని అడిగిన ప్రతివాళ్లకీ ఇదే నా జవాబు. ఆ కమిటీకి లేని కనికరం ఆ చేతిరుమాల్లో ఉంది కాబట్టి.

సండే స్కూలు టీచర్లు సుద్దముక్కలూ రంగులూ సొంత డబ్బుతో కొంటున్నారు. క్వయిర్ పిల్లలు హార్మోనియం బాగు చేయించమని అడిగీ అడిగీ విసిగిపోయారు. యూత్ రక్తదానం పెట్టుకుంటామంటే మందిరం తాళం ఇవ్వలేదు. జీతం భత్యం లేకుండా సంఘాన్ని మోస్తున్నవాళ్లందరి గతీ ఇదే. సంఘం ఎన్నికలొచ్చినప్పుడు మాత్రం ప్యానెళ్లవాళ్లు మా ఇళ్లకే వస్తారు.

అకౌంటు మీద ముగ్గురు ఆడవాళ్ల సంతకాలుండాలి. ముగ్గురం మాట్లాడుకున్నాం, పెట్టం. మిగతా పాస్టరేట్లలో అక్కచెల్లెళ్లారా, మీ పాసుపుస్తకం ఎవరి దగ్గరుందో ఈ వారమే చూసుకోండి.

కమిటీ పెద్దలకి ఒక్కటే అడుగుతున్నా. చందా బాకీ ఉంటే సమాధికి చోటు ఇవ్వబోమనే రూలు రద్దు చేస్తున్నామని తీర్మానం రాసి, అందరూ సంతకాలు పెట్టి, వచ్చే ఆదివారం అదే మైకులో చదవండి. ఆ ముసలావిడ చందా బాకీ కింద మా దగ్గర తీసుకున్న డబ్బు మైత్రికి తిరిగి కట్టండి. స్క్రీను సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.