మినిట్సు పుస్తకంలో మూడో అంశం

అమీర్‌పేటలో మా అపార్టుమెంటు గేటు పక్కన 'నివాసుల సంక్షేమ సంఘం' అని పెద్ద బోర్డు ఉంటుంది. సంక్షేమం అనే మాట ఆ బోర్డు మీద కాక మరెక్కడ కనిపించినా మా ప్రెసిడెంటు గారికి ఒళ్లు మండుతుంది. నేను ఆ సంఘానికి సంయుక్త కార్యదర్శిని. అంటే, సమావేశాల్లో ఎవరేమన్నారో పుస్తకంలోకి ఎక్కించే మనిషిని. కిందటి ఆదివారం నా చేత్తో నేనే రాసిన రెండు పేజీలు మూడు రోజులుగా అరగడం లేదు.

సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. మొదటి అంశం మోటారు, రెండోది కోతులు. వాటిని చిటికెలో దాటేసి మూడో అంశానికి వచ్చారు. 'ఉచిత పథకాల వల్ల ప్రజలు సోమరులవుతున్నందున, పన్ను చెల్లింపుదారులుగా ఈ సంఘం తీవ్ర ఆందోళన వ్యక్తం చేయుచున్నది.' ప్రెసిడెంటు గారు లేచి 'మన పన్ను డబ్బు' అంటూ ప్రారంభించారు. ఈ మూడు మాటలు పలికేటప్పుడు ఆయన కుడిచేయి తనంతట తానే చొక్కా జేబు మీదికి వెళుతుంది. గొంతు సత్యనారాయణ వ్రతంలో అయిదో కథకు వచ్చిన పురోహితుడి గొంతులా బరువెక్కుతుంది. ఆయన బాధంతా సిటీ బస్సు గురించి. 2023 డిసెంబరు 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం మొదలైన నాటి నుంచి ఆయన బస్సు ఎక్కలేదు. అంతకు ముందు కూడా ఎక్కలేదు గానీ, అప్పుడది అలవాటు, ఇప్పుడది సిద్ధాంతం.

తీర్మానం ఏకగ్రీవం. చప్పట్లు. నేనూ కొట్టాను, ఒక చేతిలో కలం ఉంది కాబట్టి శబ్దం రాలేదు.

నాలుగో అంశం మంచినీళ్లు. నగరంలో 2021 జనవరి నుంచి ఇంటికి నెలకు 20,000 లీటర్ల దాకా నీటి బిల్లు లేదు. అపార్టుమెంటయితే ఫ్లాటుకు అంత చొప్పున లెక్క. మీటరు పనిచేయాలి, ఆధార్ అనుసంధానం కావాలి, అంతే. నీ ఆదాయమెంత, కారు ఉందా, అమెరికాలో కొడుకు ఉన్నాడా అని ఎవరూ అడగరు. మా వాళ్లలో ఇద్దరు ఇంకా ఆధార్ ఇవ్వలేదట, వాళ్ల వాటా నీటికి బిల్లు పడుతోందట. ప్రెసిడెంటు గారు మళ్లీ లేచారు. పది నిమిషాల క్రితం ఉచితం తీసుకునేవారి మీద లేచిన వేలు ఇప్పుడు తీసుకోనివారి మీద లేచింది. "బాధ్యత ఉండక్కర్లేదా అండీ? ప్రభుత్వం ఇస్తుంటే తీసుకోవడానికి కూడా ఇంత బద్ధకమా?"

నేను బుద్ధిగా 'ఉచిత మంచినీటి పథకం' అని రాశాను. ఆయన నా భుజం మీదుగా తొంగిచూశారు.

"ఉచితం అనకండి."

"మరేమనాలి సార్?"

"బిల్లు మినహాయింపు అనండి."

కొట్టేసి రాశాను. రెండో అంతస్తు ఆడిటరు గారికి అదీ నచ్చలేదు, మినహాయింపులో కొంత యాచన ధ్వనిస్తోందట. 'న్యాయంగా మనకు రావలసిన నీరు' అని సూచించారు. అప్పటికి ఆ గీత మీద మూడు కొట్టివేతలు. 'వెసులుబాటు' బాగుంటుందని ఒకరు, అది పాత మాటని మరొకరు. నీళ్లు మాత్రం పైన ట్యాంకులో నిండి పొర్లిపోతున్నాయి, ఎవరూ లేవలేదు. పావుగంట తర్వాత 'పౌర సదుపాయం' ఖాయమైంది. నా పుస్తకంలో ఆ చోట ఇప్పుడు కాగితం చిరిగి ఉంది.

అయిదో అంశం ఆస్తిపన్ను. ఏప్రిల్‌లో ముందే కడితే అయిదు శాతం తగ్గిస్తారు. మా ప్రెసిడెంటు గారు అంత చిన్న లాభానికి లొంగే మనిషి కాదు. ఆయన బకాయి పెడతారు. నగరపాలక సంస్థ ఏదో ఒక ఏడాది విసిగిపోయి, అసలు కడితే చాలు వడ్డీలో 90 శాతం వదిలేస్తామని ప్రకటిస్తుంది. అప్పుడు వెళ్లి దర్జాగా కడతారు. దీన్ని ఆయన ఆర్థిక క్రమశిక్షణ అంటారు. స్కూటరు చలానాలకూ ఇదే పద్ధతి. 2022లో 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరులో 80 శాతం తగ్గించారు. రెండుసార్లూ ఆయన సిద్ధంగా ఉన్నారు. ఎర్రదీపం దాటిన తప్పుకు పండగ తగ్గింపు తీసుకున్న మనిషి, బస్సులో సున్నా టిక్కెట్టు తీసుకున్న మనిషికి బాధ్యత బోధిస్తుంటే వినడం ఒక అనుభవం.

సోమరితనం అనే ఈ బెంగ కొత్తది కాదు. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో బియ్యం రెండు రూపాయలకు ఇచ్చినప్పుడే, ఇక ఈ జాతి పని మానేసి పడుకుంటుందని పెద్దలు తేల్చేశారు. నలభై ఏళ్లుగా వాళ్లు పడుకునే ఉన్నారు కాబోలు. మా అయిదు అంతస్తుల ఇటుకలు మరి ఎవరు మోశారో. మూడో ఫ్లాటు కుర్రవాడొకడు ఉండబట్టలేక, 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించారు కదా, దానివల్ల ఏడాదికి లక్షా 45 వేల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది కదా, మరి ఆ కంపెనీలు సోమరులు కావా అని అడిగాడు. ఆడిటరు గారు జాలిగా చూసి, "అది ప్రోత్సాహకం బాబూ" అన్నారు. నేను నోరు విప్పలేదు. ఇంటి అప్పు వడ్డీ పేరుతో ఏడాదికి రెండు లక్షల దాకా ఆదాయాన్ని లెక్కలోంచి తప్పించుకున్నవాణ్ణి, నాకు మాత్రం ప్రోత్సాహం చేదా?

ఈలోగా టీ వచ్చింది. తెచ్చినావిడ బోరబండ నుంచి వస్తుంది, మా అపార్టుమెంటులో నాలుగిళ్లు చేస్తుంది. ఆవిడ పన్ను కట్టదని అక్కడున్న ఇరవై ఇద్దరికీ తెలుసు. నిజమే, రిటర్ను వేయదు. 299 రూపాయలు పెట్టి ఫోను రీచార్జి చేయించుకుంటే అందులో 45 రూపాయలకు పైగా జీఎస్టీ, అదీ దుకాణం మెట్లు దిగకముందే కట్టేస్తుంది. 2017 జులై నుంచి 2025 సెప్టెంబరు దాకా మా గిన్నెలు తోమిన చేతులు కడుక్కునే సబ్బు మీద 18 శాతం కట్టింది, తరువాత దాన్ని అయిదుకు దించారు. ఆ ఎనిమిదేళ్ల సబ్బుకు ఎవరూ వడ్డీ మాఫీ ప్రకటించలేదు. ఇక ఆవిడ భర్త సంగతి చెప్పాలంటే ఆయన రాష్ట్ర ఖజానాకు మూలస్తంభం. 2023లో మద్యం దుకాణాలకు వచ్చిన దరఖాస్తుల మీదే, ఒక్కొక్కటి రెండు లక్షల చొప్పున, ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా వచ్చింది. దుకాణం తెరవకముందే అంత పోసినవాడు దాన్ని ఎవరి జేబులోంచి రాబట్టుకుంటాడు? సాయంత్రం ఏడింటికి ఆ కిటికీ ముందు క్యూలో నిలబడ్డ మనిషి దగ్గరే కదా. ఆయన ఏనాడూ బకాయి పెట్టలేదు, రాయితీ అడగలేదు.

టీ అందరికీ ఇచ్చి ఆవిడ ఖాళీ కప్పులతో మెట్ల వైపు వెళ్లింది. మెట్ల వైపే ఎందుకంటే, లిఫ్టు తలుపు మీద 'పనివారు వాడరాదు' అని కాగితం అంటించి ఉంది. అది కూడా మా సంఘం తీర్మానమే, అది కూడా నా దస్తూరీయే. కరెంటు బిల్లు పెరుగుతోందని అప్పట్లో రాయించారు. మోకాలు పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి, నాలుగు అంతస్తులు ఎక్కుతుంది. తెల్లవారి అయిదింటికి లేచి తన ఇంట్లో వండి, బస్సులో నిలబడి వచ్చి, నాలుగిళ్ల ఎంగిలి కడిగి, మళ్లీ నిలబడి వెళుతుంది. పాల ప్యాకెట్టు కోసం ఒక అంతస్తు దిగడానికి లిఫ్టు పిలిచే మనం, కుర్చీలో కూర్చుని, ఆవిడ పోసిన టీ తాగుతూ, ఆవిడ సోమరిదవుతోందని తీర్మానం చేశాం! సిగ్గు లేదూ మనకు? బస్సు చార్జీ మిగిలితే చెడిపోతుందా ఆ మనిషి? పనివాళ్లు ఒక్క వారం రాకపోతే మన వంటింట్లో ఈగలు తోలే దిక్కుండదు, అప్పుడు మాట్లాడదాం ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో.

ఉచితాలన్నీ అమృతమని నేననడం లేదు. ఆర్టీసీకి రావలసిన సొమ్ము సకాలంలో ఇస్తున్నారా, జనం పెరిగినంతగా బస్సులు పెరిగాయా, సర్కారు బడిలో పంతుళ్లు చాలినంతమంది ఉన్నారా అని అడగండి. తెల్లవార్లూ సమావేశం పెట్టినా మినిట్సు రాస్తాను. మూడో అంశంలో అవేవీ లేవు.

సమావేశం ముగిసేలోగా ప్రెసిడెంటు గారి ఫోను మోగింది. వాళ్లావిడ యాదగిరిగుట్ట దర్శనం చేసుకుని బస్సులో వస్తున్నారు, ఉప్పల్ దాటారట. ఆయన ముఖం చూస్తుండగానే ఎర్రబడింది. ఫోను జేబులో పెట్టుకుని, "రాసుకోండి, ఏడో అంశం" అన్నారు.

"గుట్ట బస్సులో ఆధార్ చూపించినా కూర్చోవడానికి సీటు దొరకడం లేదు. అదనపు బస్సులు వేయాలని ఆర్టీసీని ఈ సంఘం డిమాండ్ చేయుచున్నది."

రాశాను. ఏకగ్రీవం.