క్లాక్ ఒక్కటే రెట్టింపు చేస్తే సరిపోదు

పాతకాలపు హోమ్ కంప్యూటర్ అమిగా 500 వేగం పెంచడంపై వచ్చిన వ్యాసంలో, దాని 68000 ప్రాసెసర్‌కు 7.09 బదులు 14.18 మెగాహెర్ట్జ్ క్లాక్ (పని లయను నడిపే సిగ్నల్) ఇస్తే చాలని రాశారు. క్లాక్ తేలికే: బోర్డులోనే ఉన్న 7ఎం, సీడీఏసీ అనే రెండు 7 మెగాహెర్ట్జ్ క్లాక్ సిగ్నళ్లను 74ఎఫ్86 ఎక్స్‌ఓఆర్ గేటు (రెండు ఇన్‌పుట్లు వేరైనప్పుడే 1 ఇచ్చే లాజిక్ చిప్)కిస్తే వచ్చేస్తుంది. ప్రాసెసర్ చిప్ మాత్రం 16 మెగాహెర్ట్జ్ రేటింగున్న 68హెచ్‌సీ000 కావాలి.

అసలు చిక్కు ‘ఈ-క్లాక్’ (E, నిదానమైన సహాయక చిప్‌లను నడిపే క్లాక్)తో. ప్రాసెసర్ తన క్లాక్‌ను పదితో భాగించి దాన్ని ఇస్తుంది కాబట్టి అది 1.4 మెగాహెర్ట్జ్‌కి ఎగబాకుతుంది. ఫ్లాపీ, కీబోర్డు వంటి వాటిని చూసుకునే 8520 సీఐఏ చిప్‌ల టైమర్లు రెట్టింపు వేగంతో తిరుగుతాయి. ఫ్లాపీ, కీబోర్డు గాడి తప్పుతాయి. అందుకే ఈ-క్లాక్‌ను, దానితో పాటు ఆ చిప్‌లతో మాట్లాడేందుకు వాడే వీఎంఏ సిగ్నల్‌ను పాత 7 మెగాహెర్ట్జ్ క్లాక్ నుంచే సీపీఎల్‌డీ (మనకు కావాల్సిన లాజిక్‌ను ప్రోగ్రామ్ చేసుకోగల చిప్)లో తయారుచేసుకోవాలి. మదర్‌బోర్డుకు వెళ్లే ఏఎస్ (అడ్రస్ సిద్ధమని తెలిపే సిగ్నల్)ను కూడా ఆ క్లాక్‌తోనే సింక్ చేయాలి.

ఫాస్ట్ ర్యామ్ (ప్రాసెసర్ ఒక్కటే వాడుకునే మెమరీ) జోడించకపోతే ఇంత శ్రమా చాలావరకు వృథా. గ్రాఫిక్స్, సౌండ్ చిప్‌లతో పంచుకునే చిప్ ర్యామ్ వేగం మారదు. గుణకారాలు, భాగహారాల్లాంటి పొడవాటి ఇన్‌స్ట్రక్షన్లలోనే తేడా తెలుస్తుంది.