నవ్వలేదని ఎలా అనగలం?

సువార్తల్లో, అంటే బైబిల్లో మత్తయి, మార్కు లాంటివాళ్ల పేరున ఉన్న యేసు జీవితకథల్లో, "యేసు నవ్వెను" అని ఎక్కడా లేదు కాబట్టి ఆయన ఎప్పుడూ గంభీరంగానే ఉండేవాడని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నాకు ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఆయన తుమ్మాడనీ రాయలేదు కదా!

మత్తయి 7వ అధ్యాయంలో యేసు చెప్పిన పోలిక చూడండి. ఒకడి కంట్లో పెద్ద దూలం ఉంది, వాడు పక్కవాడి కంట్లో నలుసు తీస్తానని బయల్దేరాడు. దగ్గరికి వంగితే ఆ దూలం ఎదుటివాడి మొహానికి తగలదూ? ఒక్కసారి ఊహించుకుంటే నవ్వు ఆగదు. 23వ అధ్యాయంలో దోమ పడకుండా వడగట్టుకుని ఒంటెను మింగేవాళ్లూ అంతే. ఇవి విన్న జనం మొహాలు బిగబట్టుకుని కూర్చున్నారంటే నేను నమ్మను.

ఇక మామూలు మనిషి అనుభవాలంటారా, నడిచి నడిచి అలసి యాకోబు బావి దగ్గర కూలబడ్డాడు, దాహానికి నీళ్లడిగాడు. స్నేహితుడు లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. నాకు బాగా నచ్చేది మార్కు 4లోని పడవ. అలలు కొట్టి నీళ్లు లోపలికి వచ్చేస్తున్నాయి, శిష్యులు టెన్షన్‌తో చస్తున్నారు, ఈయనేమో వెనక తలగడ మీద హాయిగా నిద్ర! ఆ తలగడ సంగతి మార్కు ఒక్కడే రాశాడు.

తిండిబోతు, తాగుబోతు అని గిట్టనివాళ్లు యేసును తిట్టారు. విందుల్లో మూతి ముడుచుకుని కూర్చునేవాడిని ఎవరైనా అలా అంటారా?