ఉద్యోగం కొట్టాలి సరే, రేపు పొద్దున ఏం చెయ్యాలి?

ఒంగోలులోనో నెల్లూరులోనో కోచింగ్ సెంటర్లున్న వీధిలో ఎవరిని కదిపినా లక్ష్యం ఒక్క ముక్కలో చెప్పేస్తారు. డీఎస్సీ కొట్టాలి. గ్రూప్-2 కొట్టాలి. బ్యాంకు జాబ్ రావాలి. ఇంట్లో అప్పు చూసి, పెళ్లికి ఎదిగిన చెల్లెలిని చూసి పెట్టుకున్న లక్ష్యాలవి. వాళ్ల పట్టుదల మీద నాకు ఏ అనుమానమూ లేదు. అనుమానమల్లా ఆ లక్ష్యం పెట్టుకున్న తీరు మీదే. నోటిఫికేషన్ ప్రభుత్వం చేతిలో ఉంది. పోస్టుల సంఖ్య కూడా అక్కడే ఉంది. కటాఫ్ పక్కవాళ్ల మార్కులను బట్టి ఉంటుంది. చదివే మనిషి చేతిలో ఉన్న భాగం మాత్రం ఆ ఒక్క ముక్కలో ఎక్కడా కనపడదు.

2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద డీఎస్సీ పూర్తయింది 2025లో, 16,347 పోస్టులతో. మధ్యలో 2024 ఫిబ్రవరిలో ఇచ్చిన నోటిఫికేషన్ రద్దయింది. ఆ ఏళ్లలో బీఈడీ చేసి కూర్చున్న పిల్లల సంగతి ఆలోచించండి. 'నోటిఫికేషన్ పడితే మొదలుపెడదాం' అనుకున్నవాళ్లకు మిగిలింది టెన్షనే. వారానికొక యూనిట్, ఆదివారం ఒక మాక్ టెస్ట్, తప్పు పోయిన ప్రశ్నలకు వేరే నోటుబుక్కు, పగలు ప్రైవేటు స్కూల్లో పాఠాలు అని పెట్టుకున్నవాళ్లకు పని ఆగలేదు. చేతికి నాలుగు డబ్బులొచ్చాయి, పాఠం చెప్పడం అలవాటైంది. నోటిఫికేషన్ ఎన్నడూ రాకపోయినా ఆ అలవాటు వృథా పోయేది కాదు.

పశ్చిమ ప్రకాశం రైతులకు ఇది ఇంకా బాగా తెలుసు. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగితే, రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. 'నీళ్లొస్తే తోట వేస్తా' అని ఆగిన మనిషికి ఒక తరమే గడిచిపోయింది. నీళ్ల కోసం అడగాల్సిందే, పోరాడాల్సిందే. ఈ ఏడు పొలంలో ఏం వెయ్యాలన్నది మాత్రం ఉన్న తడిని బట్టి తేల్చుకోక తప్పదు.

లక్ష్యాల మీద శాస్త్రీయంగా పరిశోధన చేసినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు అమెరికా మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్. 'చేతనైనంత చెయ్యి' అని వదిలేస్తే వచ్చే ఫలితం కన్నా, స్పష్టంగా, కాస్త కష్టంగా ఉండే లక్ష్యం ఇస్తే వచ్చే ఫలితమే మెరుగని ఆయన 1968లోనే రాశారు. తర్వాత గ్యారీ లేథమ్‌తో కలిసి దాన్ని విస్తరించారు. మన మోటివేషన్ క్లాసుల్లో ఇంతవరకే చెప్పి ఆపేస్తారు. అసలు పనికొచ్చే ముక్క ఆ తర్వాత ఉంది. పని కొత్తదీ చిక్కుదీ అయినప్పుడు ఇంత ఫలితం తేవాలన్న లక్ష్యం మనిషిని కంగారు పెడుతుందని, అప్పుడు ఫలానాది నేర్చుకోవాలన్న లక్ష్యమే మేలని కూడా వాళ్ల పరిశోధనల్లో తేలింది. ఇంటర్ మొదటి నెలలోనే ర్యాంకు చెప్పించే కాలేజీలు ఈ ముక్క వింటే బాగుండు. ఇక జర్మనీకి చెందిన పీటర్ గోల్‌విట్జర్ 1999లో చెప్పింది ఇంకా సులువు. ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేస్తామో ముందే అనుకుంటే ఆ పని జరిగే అవకాశం బాగా పెరుగుతుంది.

ఇవన్నీ చదువుతుంటే నాకు గుర్తొచ్చేది 1992 నాటి దూబగుంట. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం సాగుతున్న రోజులు. రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు చదువుతో పాటు సంసారాల గురించి మాట్లాడుకున్నారు. కూలి డబ్బులు సారాకొట్టుకే పోతున్నాయని తేల్చుకున్నారు. వాళ్లను ముందుండి నడిపిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. వాళ్లు మొదట పెట్టుకున్న లక్ష్యం రాష్ట్రంలో మద్యనిషేధం కాదు. మా ఊళ్లోకి సారా రాకూడదు, అంతే. అది కళ్లతో చూడగలిగేది, పొద్దున్నే పదిమంది వెళ్లి అడ్డం నిలబడి చెయ్యగలిగేది. సాయంత్రానికి జరిగిందో లేదో తెలిసిపోతుంది. ఒక ఊళ్లో జరిగింది చూసి పక్క ఊరు లేచింది. సారా వేలంపాటలు జరగకుండా అడ్డుకునేదాకా వెళ్లారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది.

ఆ తర్వాత జరిగిందే నా వాదనకు అసలైన ఆధారం. అదే జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకొక రూపాయి, నెలకు 30 రూపాయలు. తాగుడుకు పోకుండా మిగిలిన డబ్బు దాచుకోవడానికి పెట్టుకున్న లెక్క అది. రూపాయి ఎందుకంటే, కూలికెళ్లే మనిషి ఎంత గడ్డురోజులోనైనా తియ్యగలిగిన మొత్తం అదే. సంఘంలో అందరి ముందూ కట్టాలి, పుస్తకంలో రాయాలి, కట్టనివాళ్లను మిగతావాళ్లు అడుగుతారు. లక్షాధికారులు కావాలని అక్కడ ఎవరూ రాసుకోలేదు. ప్రభుత్వం చేతిలో ఉన్న మద్యనిషేధాన్ని 1997లో ప్రభుత్వమే సడలించింది. ఆడవాళ్ల చేతిలో ఉన్న పొదుపు మాత్రం డ్వాక్రా సంఘాల రూపంలో రాష్ట్రమంతా పాకి ఈనాటికీ నడుస్తోంది. ఒకే ఉద్యమంలోంచి వచ్చిన రెండు లక్ష్యాల్లో ఏది నిలబడిందో చూస్తే, పై పరిశోధకుల మాటలకు మనకు వేరే రుజువు అక్కర్లేదు.

వృత్తిలో కూడా ఇదే తేడా. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల దగ్గర ఒక పెద్దాయన్ని ఈసారి ఎన్ని టన్నులు అనుకుంటున్నారని అడిగాను. ఆయన నావైపు చూడకుండా చెక్ ట్రే పైకి లాగుతూ, "రేటు మన చేతుల్లో ఉందా అబ్బయా? చెక్ ట్రే మన చేతుల్లో ఉంది" అన్నారు. చెక్ ట్రే అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూడ్డానికి గుంటలో దించి ఉంచే పళ్లెం. మేత వేసిన రెండు గంటలకు ట్రే లేపి చూస్తారు. మేత మిగిలితే తరువాతి పూటకు తగ్గిస్తారు. పూర్తిగా తినేసుంటే కాస్త పెంచుతారు. రొయ్య పేగు నిండుగా ఉందా, తెగి ఉందా అని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు చూస్తారు. సాగు ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది కాబట్టి లాభమైనా నష్టమైనా చాలావరకు ఆ ట్రే దగ్గరే తేలుతుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది. అది ఏ రైతూ ఆపగలిగింది కాదు. ఎకరాకు ఇన్ని టన్నులు తియ్యాలన్న అంకె ఒక్కటే పట్టుకుని సీడ్ (రొయ్య పిల్లలు) ఒత్తుగా వదిలినవాళ్లకు, వైరస్ వచ్చినప్పుడు తగిలిన దెబ్బ కూడా మామూలుది కాదు.

అంకె ఒక్కటే మిగిలితే మనిషి ఎక్కడిదాకా పోతాడో చెప్పడానికి పెద్ద ఉదాహరణ అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకు. అక్కడి ఉద్యోగులు అమ్మకాల టార్గెట్ల ఒత్తిడికి ఖాతాదారులకు తెలియకుండా వాళ్ల పేరున ఖాతాలు తెరిచారు. 2016లో బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మందిని తీసేశామని బ్యాంకే చెప్పింది. మన ఊళ్లలో మార్చి నెలాఖరు టార్గెట్ల కింద నలిగే పిల్లలకు ఈ కథ కొత్తగా అనిపించదు. మేనేజర్ టార్గెట్ ఇస్తే కాదనలేం. ఆ అంకె పక్కనే మన సొంత గీత ఒకటి ఉండాలి: ఎవరికి ఏం అంటగట్టను, ఈ ఏడాది ఏ పని కొత్తగా నేర్చుకుంటాను అని.

ఇక ఇళ్లల్లో మాట్లాడుకోని విషయం ఒకటుంది. ఎన్నిసార్లు రాయాలి? ఎన్నేళ్లు? దీన్ని ఓడిపోయిన రోజున తేల్చుకోవడం చాలా కష్టం. ఆ రోజు అమ్మానాన్నల ముఖాలు చూసి ఇంకొక్కసారి అనేస్తాం. అందుకే కోచింగ్‌లో చేరేముందే కూర్చుని మాట్లాడుకోవాలి. ఇన్ని ప్రయత్నాలు, ఇంత ఖర్చు, ఫలానా మాక్ టెస్ట్ మార్కులు దాటకపోతే ఫలానా పని అని కాగితం మీద పెట్టుకోవాలి. 'మా వాడు ఇంకా ప్రిపేర్ అవుతున్నాడు' అని చెప్పుకునే తండ్రికి ఆ కాగితం చేదుగానే ఉంటుంది. కానీ 30 దాటిన కొడుకు బంధువుల పెళ్లిళ్లకు రావడం మానేశాడంటే, ఆ మాట చాలా ఏళ్ల కిందటే మాట్లాడుకుని ఉండాల్సింది. ఈ మాట పిల్లలు ఎత్తలేరు. వాళ్లు ఎత్తితే చేతకాక అడుగుతున్నట్టు ఉంటుంది. పెద్దవాళ్లే ముందు అడగాలి, అదీ ఫలితాలు వచ్చిన రోజున కాదు, ఫీజు కట్టే రోజున.