చేయి తిరిగినవాళ్ళ నుంచి కళను కాపాడండి

కళకు ఇప్పుడు పట్టిన అసలు పీడ ఏమిటని అడిగితే కొందరు డబ్బు అంటారు, కొందరు కంప్యూటర్ అంటారు. పని వచ్చినవాళ్ళ పేరు మాత్రం ఎవరూ ఎత్తరు. 1917లో ఫ్రెంచి కళాకారుడు మార్సెల్ డూషాం మగవాళ్ళ మూత్రపు తొట్టిని వెల్లకిలా పడేసి, మారుపేరుతో సంతకం పెట్టి న్యూయార్క్‌లో ప్రదర్శనకు పంపాడు. వందేళ్ళు దాటిపోయింది. ఇంకా కొందరు చేతులతో వస్తువులు తయారుచేస్తూనే ఉన్నారు! వెన్నతో ఆవులట, మంచుగడ్డతో హంసలట, పెన్సిల్ మొన మీద అక్షరాలట. ఎవరైనా అడ్డుపడాలి కదా.

డూషాం తొట్టి విషయంలోనే పనివాళ్ళు ఎలా చొరబడ్డారో చూడండి. అసలు తొట్టి ఎక్కడో పోయింది. ఫ్యాక్టరీలో తయారైన సరుకే కళ అని చాటినది పోయింది కాబట్టి 1964లో నకళ్ళు చేయించారు. ఆ నమూనా తొట్టి బజారులో దొరకలేదు. పాత ఫొటో చూసి మట్టితో చేసి, కాల్చి, పింగాణీలా కనబడేలా రంగు వేయాల్సి వచ్చింది. అంటే ఈరోజు మ్యూజియాల్లో జనం చూస్తున్నది శ్రద్ధగా చేయించిన కుండల పని. చేతిపనిని వెక్కిరించిన తొట్టికి పట్టిన గతి అది.

సరైన దారి ఇటలీ కళాకారుడు మౌరిజియో కాటెలాన్ చూపించాడు. 2019 డిసెంబరులో మయామీ బీచ్‌లో కళల సంతలో అరటిపండు ఒకటి గోడకు ఆనించి, దాని మీదుగా బూడిదరంగు టేపు ముక్క అడ్డంగా అంటించాడు. పేరు ‘కమెడియన్’, ధర 1,20,000 డాలర్లు. పండును చూసి నవ్వినవాళ్ళు సరుకేదో గుర్తించలేదు. కొన్నవాడి చేతికొచ్చేది ధ్రువపత్రం, దానితోపాటు పండు ఎలా అంటించాలో చెప్పే సూచనలు. గుగెన్‌హైమ్ మ్యూజియానికి ఒక ప్రతి విరాళంగా వచ్చినప్పుడు ఆ సూచనలు బొమ్మలతో సహా 14 పేజీలున్నాయి. నేల నుంచి ఎంత ఎత్తున, ఏ వాలులో, ఎన్నాళ్ళకోసారి పండు మార్చాలి అన్నీ ఉన్నాయి. మార్చే గడువు ఏడు నుంచి పది రోజులు. అరటిపండు మగ్గిన కొద్దీ తొక్క పలచబడి, గుజ్జు నీరై, టేపు కింద నడుం విరుగుతుంది. పది రోజులు దాటితే కళ గోడ దిగి నేల మీదికొస్తుంది.

ఇందులోని ఇంజనీరింగ్ గొప్పతనం ఏమిటంటే, చెడిపోవడానికి వీలున్న భాగానికి విలువ లేదు, విలువున్న భాగం చెడిపోదు. ఆ సంతలోనే ఒక కళాకారుడు పండు ఒలుచుకు తిన్నాడు. 2023లో సియోల్‌లో ఒక విద్యార్థి ఆకలేసిందని తిని, తొక్కను మళ్ళీ అంటించి వెళ్ళాడు. మ్యూజియంవాళ్ళు ఇంకో పండు తెచ్చారు, అంతే. 2024 నవంబరులో న్యూయార్క్ వేలంలో ఒక ప్రతికి 62 లక్షల డాలర్లు పలికింది. వేలానికి పెట్టిన పండును బయట పళ్ళ బండి దగ్గర 35 సెంట్లకు కొన్నారు. కొన్న పెద్దమనిషి తర్వాత ఒక పండును విలేకరుల ముందే తినేశాడు. ఆస్తికి నష్టమేమీ రాలేదు, కాగితం తినలేదు కనుక.

ఇక నేరస్థుల సంగతి.

అమెరికాలో అయోవా రాష్ట్ర సంతలో 1911లో మొదలైన దురాచారం ఒకటుంది. నిలువెత్తు ఆవును వెన్నతో చేస్తారు. ముందు చెక్క, ఇనుప కమ్మీలు, తీగలతో ఎముకల గూడు కట్టి దానికి ఉక్కు జాలి చుడతారు. గదిలో చలి నాలుగున్నర డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. బకెట్లలో వెన్నను కాస్త మెత్తబడనిచ్చి, చేత్తో పిసికి, జాలి కన్నాల్లోకి దిగేలా పొర మీద పొర మెత్తుతారు. వెన్న మరీ చల్లగా ఉంటే పొర పొరకు అంటుకోక పెళ్ళలుగా ఊడుతుంది. మరీ మెత్తగా ఉంటే పొట్ట అడుగు నుంచి జారి పొదుగులో కలిసిపోతుంది. జాలి లేకుండా మెత్తితే ఆవు మర్నాటికి దూడంత అవుతుంది. మొత్తం దాదాపు 270 కిలోలు పడుతుంది. దానితో 19,200 రొట్టె ముక్కలకు వెన్న రాయొచ్చని సంత నిర్వాహకులే లెక్క కట్టి పెట్టారు. పైగా అయిపోయాక ఆ వెన్న తీసి దాచి, మరుసటి ఏళ్ళ ఆవులకు వాడతారు.

నార్మా లయన్ అనే ఆవిడ 1960 నుంచి 2005 దాకా ఈ పనే చేసింది. ఆవిడ చదివింది పశుశాస్త్రం. ఏ జాతి ఆవుకు తుంటి ఎముక ఎక్కడ పొడుచుకొస్తుందో, పొదుగు మీద నరం ఎటు పోతుందో తెలిసిన మనిషి. చూడటానికి వచ్చేవాళ్ళలో పాడి రైతులు బోలెడుమంది, వాళ్ళ ముందు తప్పు చేస్తే దొరికిపోతుంది. నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. చూసిన ప్రతివాడికీ అది ఆవని వెంటనే తెలిసిపోతుంది. బాగుందో లేదో కూడా తెలిసిపోతుంది. మరి గోడ మీద నాలుగు పేరాల వివరణ రాసే ఉద్యోగి ఏం తిని బతకాలి?

మంచు శిల్పులది మరో రకం అహంకారం. మామూలు డబ్బాలో నీళ్ళు గడ్డకట్టిస్తే చలి నాలుగు వైపుల నుంచీ వస్తుంది. నీటిలోని గాలి, లవణాలు తప్పించుకునే దారిలేక నడిమధ్యకు చేరి, గడ్డ కడుపులో తెల్లటి మబ్బు మిగులుతుంది. మనమైతే దానికి ‘అంతర్మేఘం’ అని పేరుపెట్టి అమ్ముకునేవాళ్ళం. వీళ్ళు అలా చేయరు. అడుగు నుంచి మాత్రమే చల్లబరిచే పెట్టెలో నీళ్ళు పోసి, పైన చిన్న పంపుతో నీళ్ళను కదుపుతూ ఉంటారు. బుడగలు అంటుకోకుండా పైకి పోతాయి, మలినమంతా చివర మిగిలే నీళ్ళలో చేరుతుంది, ఆ నీళ్ళు పారబోస్తారు. 135 కిలోల దిమ్మెకు మూడు నాలుగు రోజులు. దిమ్మెను డీప్ ఫ్రీజర్లోంచి తీసిన వెంటనే రంపం పెడితే పటుక్కున చీలుతుంది, లోపలి చలికి బయటి వేడికి పొత్తు కుదరక. మీది నూగు పోయి గడ్డ అద్దంలా అయ్యేదాకా ఆగాలి. విడి ముక్కలు అతకాలంటే వేడిచేసిన అల్యూమినియం పలక మీద రెండు ముఖాలూ సమంగా కరిగించి, తడి మీదుండగానే నొక్కాలి. మధ్యలో గాలి చిక్కితే అతుకు తెల్లగా కనబడుతుంది, హంస మెడ అక్కడే విరుగుతుంది. ఇంత చేసి సాయంత్రానికి మడుగు! మార్చుకోవడానికి సూచనల పుస్తకం లేదు, ధ్రువపత్రం లేదు.

సూక్ష్మ కళాకారుల గురించి ఎక్కువ చెప్పడం నాకిష్టం లేదు, చెబితే నలుగురూ వాళ్ళను మెచ్చుకుంటారేమోనని భయం. బ్రిటన్‌కు చెందిన విలర్డ్ విగన్ సూది బెజ్జంలో బొమ్మలు నిలబెడతాడు. నాడి కొట్టుకున్నప్పుడల్లా వేలు కదులుతుంది కాబట్టి రెండు గుండె చప్పుళ్ళ మధ్య ఒక్క గీత గీస్తాడు. కనురెప్ప వెంట్రుక కుంచె అవుతుంది. వీధిలో లారీ పోయినా బల్ల అదిరి పని పాడవుతుంది గనుక రాత్రిపూట కూర్చుంటాడు. ఒకసారి ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ కథలోని ఆలిస్ బొమ్మను ఊపిరితో లోపలికి పీల్చేశాడు. అమెరికాలో డాల్టన్ గెట్టి అనే వడ్రంగి రేజరు బ్లేడు, కుట్టుసూది పట్టుకుని, భూతద్దం లేకుండా పెన్సిల్ మొనలు చెక్కుతాడు. గ్రాఫైట్‌లో అడ్డంగా సన్నబడిన చోట ఒక్క గీటు ఎక్కువైతే నెలల పని పుటుక్కుమంటుంది. ఇంగ్లిష్ అక్షరాలు 26 చెక్కడానికి రెండున్నర ఏళ్ళు పట్టింది. విరిగినవాటిని శ్మశానంలా దాచుకున్నాడు. ఇదంతా క్షమించవచ్చు. కానీ చేసినవి అమ్మకుండా స్నేహితులకు ఊరికే ఇచ్చేవాడు. మార్కెట్ అనేది ఒకటి ఉందని తెలియనివాడు కళాకారుడెలా అవుతాడు?

అన్నిటికన్నా ప్రమాదం, విడ్డూరపు ఊహా పనితనమూ రెండూ ఉన్నవాళ్ళు. వియన్నాలో 1998 నుంచి కూరగాయలతో కచేరీ చేసే బృందం ఉంది. కారెట్‌ను నిలువునా డ్రిల్లుతో తొలిచి, పక్కన వేళ్ళ కన్నాలు పెట్టి పిల్లనగ్రోవి చేస్తారు. గుమ్మడికాయ డోలు. వాద్యాలన్నీ కచేరీ రోజునే తాజాగా చేసుకోవాలి. లైట్ల వేడికి కారెట్ వాడితే గొట్టం ముడుచుకుని శ్రుతి జారుతుంది, అందుకే తడి పోకుండా చూసుకోవాలి. చివర ప్రేక్షకులకు సూప్ పోస్తారు. నవ్వుకుందామని వచ్చినవాడు విని, తాగి, తృప్తిగా ఇంటికి పోతాడు. ఇలాంటి తృప్తి ఒకసారి అలవాటైతే జనం మిగతావాళ్ళ దగ్గర కూడా ఏదో ఒకటి ఆశిస్తారు.

న్యాయంగా మాట్లాడాలి కాబట్టి, పనివాళ్ళను పూర్తిగా దూరం పెడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. బ్రిటిష్ కళాకారుడు డేమియన్ హర్స్ట్ 1991లో ఆస్ట్రేలియా తీరాన పట్టించిన పద్నాలుగు అడుగుల టైగర్ షార్క్‌ను అద్దాల తొట్టిలో ఫార్మాలిన్‌లో వేలాడదీశాడు. ఫార్మాలిన్ కండను గట్టిపరిచి కుళ్ళకుండా ఆపుతుంది, కానీ పైనుంచి లోపలికి ఇంకడం మహా నిదానం. అంత లావు చేప మధ్యకు అది చేరేలోపు పేగులూ కాలేయమూ తమ పని తాము చేసుకుపోతాయి. అందుకే పెద్ద జంతువును భద్రపరచాలంటే పొట్టలోకి, కండల్లోకి సూదులతో మందు ఎక్కిస్తారు. జంతుశాస్త్రం ల్యాబులో సీసాలు సర్దే అటెండరును అడిగినా ఈ మాట చెప్పేవాడు. ఎవరూ అడగలేదు. నీళ్ళు మసకబారాయి, చర్మం ముడతలు పడింది, రెక్క ఆకారం మారింది. గ్యాలరీవాళ్ళు తేటపడుతుందని బ్లీచ్ కలిపారు, కుళ్ళు ఇంకా పెరిగింది. 1993లో తోలు ఒలిచి ఫైబర్‌గ్లాస్ అచ్చుకు తొడిగారు. అయినా మునుపటి భయం రాలేదు. 2006లో కొత్త షార్క్ తెప్పించి, ఈసారి తెలిసినవాళ్ళను పిలిచి, ఒళ్ళంతా సూదులు పొడిపించారు.

చేపా మారింది, మందు పెట్టే పద్ధతీ మారింది, కళాఖండం మాత్రం అదే, సంవత్సరం 1991 అనే రాస్తారు. సూదులు పొడిచినవాళ్ళ పేర్లు చీటీ మీద ఉండవు. ఇదే సరైన సరిహద్దని నా ఉద్దేశం. పనివాడు వెనక గుమ్మంలోంచి రావచ్చు, మందు ఎక్కించవచ్చు, బిల్లు పెట్టవచ్చు. గోడ మీదికి మాత్రం ఎక్కకూడదు.

కాగితాన్ని నమ్ముకున్నవాళ్ళకూ ఒక హెచ్చరిక. డెన్మార్క్‌లో ఆల్బోర్గ్ మ్యూజియం 2021లో కళాకారుడు యెన్స్ హానింగ్‌కు 5,30,000 పైచిలుకు క్రోనర్ల విలువైన నోట్లు ఇచ్చింది, వాటిని చట్రాల్లో అంటించి పాత కృతులను మళ్ళీ చేయమని. ఆయన రెండు ఖాళీ కాన్వాసులు పంపి ‘డబ్బు తీసుకుని ఉడాయించు’ అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. భావన నిర్దుష్టం. లోపం ఒప్పందంలో ఉంది: నోట్లు తిరిగివ్వాలని అందులో రాసి ఉంది. 2023లో కోర్టు 4,92,549 క్రోనర్లు తిరిగి కట్టమంది, ప్రదర్శన జరిగింది కనుక పారితోషికం కింద కొంత వదిలేసింది. ఇలాంటి రచన తలపెట్టేవాళ్ళు కుంచె కొనేముందు వకీలును మాట్లాడుకోవాలి.

అన్ని చిక్కులూ తప్పించుకున్నవాడు ఇటలీకి చెందిన సాల్వతోరె గరౌ. 2021లో ఆయన కనబడని శిల్పం 15,000 యూరోలకు వేలంలో పోయింది. కొన్నవాడు ఇంట్లో సుమారు అయిదడుగుల చదరం స్థలాన్ని ఏ అడ్డూ లేకుండా ఖాళీగా ఉంచాలి. ప్రత్యేకమైన దీపాలు, చలి గది అక్కర్లేదు. ఫార్మాలిన్ ఖర్చు లేదు, పండు మార్చే పని లేదు, ఆకలేసిన విద్యార్థి వల్ల భయం లేదు. దీనికీ ఫ్లోరిడా నుంచి పోటీ వచ్చింది. 2016లోనే తాను ఒక చౌకులో ‘ఏమీలేదు’ అనే శిల్పం ప్రతిష్ఠించానని, ఈ ఊహ తనదేనని అక్కడి కళాకారుడొకాయన వకీలును పెట్టుకున్నాడు. అయితే ఆయన తన శూన్యాన్ని కట్టడానికి మనుషులను పెట్టి, గాలి దిమ్మెలను ఒక్కొక్కటే మోయించి పేర్పించాడు. శూన్యానికి కూడా కూలీలను పెట్టుకున్న దగ్గరే ఆయన కేసు బలహీనపడింది.