టీఎస్‌హెచ్ పెరిగితే డోసు పెంచేయడమేనా?

థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే రక్తంలో పెరిగే హార్మోన్) దిగడం లేదని 50 నుంచి 75 మైక్రోగ్రాములకి, 75 నుంచి 100కి డోసు పెంచుకుంటూ పోయినవాళ్లు మన చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు. అలాంటి మనిషి మంచి ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల డాక్టర్) దగ్గరికి వెళ్తే రిపోర్టు చూడకముందే వచ్చే ప్రశ్న, "పొద్దున లేవగానే ఏం చేస్తారమ్మా?" అని. మాత్ర వేసుకుంటారు, వెంటనే కాఫీ, టిఫిన్ అవగానే క్యాల్షియం, ఐరన్ బిళ్లలు. చిక్కంతా అక్కడే. ఈ మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి, క్యాల్షియం, ఐరన్‌లకైతే 4 గంటలు. లేకపోతే మందు ఒంటికి సరిగా పట్టదు. డోసు ముట్టుకోకుండా టైమ్ మాత్రం మార్చి, 6 నుంచి 8 వారాలకు మళ్లీ టెస్ట్ చేయించి రమ్మంటే, ఇంత ఫీజు తీసుకుని కొత్త మందేమీ రాయలేదని సణుక్కుంటూ బయటికొస్తాం. నన్నడిగితే ఆ ఫీజు ఇచ్చింది దానికే.

షుగర్‌లోనూ ఇదే తంతు. ఇన్సులిన్ ఎంత పెంచినా ఒకరోజు 300, ఇంకోరోజు చెమటలు పట్టి కళ్లు తిరిగేంత లో షుగర్. డాక్టర్ పొట్ట మీద చెయ్యి పెట్టి తడిమితే బొడ్డు పక్కన మెత్తటి ఉబ్బు తగులుతుంది. రోజూ అక్కడే గుచ్చుకోవడంతో చర్మం కింద కొవ్వు పేరుకుపోయింది, అందులోకి వెళ్లిన ఇన్సులిన్ ఎప్పుడు ఎంత ఒంట్లోకి దిగుతుందో చెప్పలేం. అలాగని చోటు మార్చి పాత డోసే తీసుకుంటే షుగర్ ధబేల్మని పడిపోవచ్చు, కాబట్టి డోసు తగ్గించి మరీ చోటు మార్పిస్తారు. మూడు నెలల షుగర్ అని మనం పిలిచే హెచ్‌బీఏ1సీ కూడా ఐరన్ లోపంతో రక్తం తక్కువున్నవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. ఆ లోపం మన ఆడవాళ్లలో ఎంత మామూలో తెలిసిందే కదా.

కొత్తగా షుగర్ బయటపడ్డ ప్రతివాళ్లూ ఎండోక్రైనాలజిస్టుల దగ్గరికే పరిగెత్తాలని మాత్రం నేననను. ఎండీ తర్వాత మళ్లీ మూడేళ్లు డీఎం అనే స్పెషలిస్ట్ కోర్సు చదివినవాళ్లు అసలే తక్కువ, ఉన్నవాళ్లూ ఎక్కువగా పెద్ద ఊళ్లలోనే. మామూలు షుగర్, మామూలు థైరాయిడ్ మీ ఫిజీషియన్ చక్కగా చూస్తారు. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవని రకం) ఉన్న పిల్లలు, అడ్రినల్ (మూత్రపిండాల మీదుండే గ్రంథులు), పిట్యూటరీ (మెదడు కిందుండే గ్రంథి) జబ్బులు, గర్భంతో ఉండగా అదుపులోకి రాని షుగర్, ఇవి వేరే కథ, వీటికి ఎండోక్రైనాలజిస్టే చూడాలి. మోకాళ్ల నొప్పులకని ఎవరో ఇచ్చిన పేరులేని పొడి నెలల తరబడి మింగి ముఖం ఉబ్బి, బీపీ, షుగర్ రెండూ పెరిగినవాళ్లు కూడా అంతే. అందులో స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు. భయపడి ఒక్కసారిగా మానేస్తే ఇంకా ముప్పు, ఎందుకంటే అన్నాళ్లూ పని తప్పిన అడ్రినల్ గ్రంథులు వెంటనే తేరుకోవు, ప్రాణం మీదికి రావచ్చు. మెల్లమెల్లగా తగ్గిస్తూ మాన్పించడం తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

అందుకే వెళ్లేటప్పుడు ఫైలొక్కటే కాదు, ఇంట్లో మింగుతున్నవన్నీ సంచిలో వేసుకెళ్లండి, పొడులు, జుట్టు ఊడుతోందని వాడే బయోటిన్ (ఒక విటమిన్) బిళ్లలతో సహా. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ని తక్కువగా, టీ3, టీ4 అనే థైరాయిడ్ హార్మోన్లను ఎక్కువగా చూపించి లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు భ్రమపెడుతుంది. టెస్ట్‌కు కనీసం రెండు రోజుల ముందు అది ఆపేయాలి.